పగుళ్ల మీద లప్పం

బొగ్గుబాయిలో పని మొదలుపెట్టే ముందు కప్పు తట్టి చూస్తారు. గట్టి బండ ఖంగుమంటుంది, పొర విడిన బండ డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిందా, వదులు బండను దింపేస్తారు, లేదంటే బోల్టు బిగించి సపోర్టు పెడతారు. అప్పటిదాకా దాని కిందికి ఎవరూ పోరు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్‌ గనిలో కప్పు కూలి ముగ్గురు చనిపోయినప్పుడు గోదావరిఖనిలో టీకొట్ల దగ్గర కూడా కప్పు మాటే. ఆ రాత్రి ఇంటికొచ్చి మన నెత్తి మీది స్లాబును మాత్రం ఎవరమూ తట్టి చూడలేదు.

మార్కండేయకాలనీ, లక్ష్మీనగర్‌, తిలక్‌నగర్‌లలో ఎన్నో ఇళ్లు నాన్నల తరం కట్టినవి. రిటైరైతే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి కాబట్టి ముందుచూపుతో, ఉన్నంతలో కట్టారు. ఇప్పుడు వాటికి వయసొచ్చింది. వాన నీళ్లు నిలిచి స్లాబులోకి దిగుతాయి, లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింద పెచ్చులు ఊడతాయి. దీనికి మందు అందరికీ తెలుసు. డొల్ల పలికినంత మేర కొట్టేయాలి, చువ్వను ఇనుప బ్రష్షుతో రుద్ది తుప్పు ఆపే పూత వేయాలి, మళ్లీ ప్లాస్టరింగు చేయాలి, పైన నీళ్లు జారిపోయేట్టు వాలు తీయాలి. మనం చేసిందేమిటి? కింద పీవోపీ ఫాల్స్‌ సీలింగు కొట్టించి నాలుగు రంగుల లైట్లు పెట్టాం. అదీ హాలుకే. వంటగదికి చుట్టాలు రారుగదా!

డబ్బుల్లేకనా? పర్మినెంటు ఉద్యోగాలున్న మనకు ఆ మాట అనే హక్కు లేదు. 2024 దసరా ముందు లాభాల వాటా కింద సింగరేణి కంపెనీ 796 కోట్లు పంచింది, సగటున మనిషికి 1.90 లక్షలు. తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకూ ఇచ్చారు, తలా 5 వేలు. రేకుల ఇంట్లో ఉండి, ఆ 5 వేలతో చినుకు కారే రేకు మార్చుకున్నవాడు మనకంటే బుద్ధిమంతుడు. మన వాటా మాత్రం గేటు ఆర్చీకి, మెట్ల గ్రానైటుకు, టీవీ వెనక ప్యానెలుకు పోయింది. ఎదురింటి వాళ్లు వేయించారని మనం, మనం వేయించామని పక్కింటి వాళ్లు.

ఓపెన్‌కాస్టు బ్లాస్టింగుల అదురుకు గోడలు బీటలు వారుతున్నాయని ధర్నాలు చేశాం, వినతిపత్రాలిచ్చాం. బీట మీద అడ్డంగా చిన్న గాజుపట్టీ సిమెంటుతో అతికించి పక్కన తేదీ రాస్తే చాలు, గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది. పగిలిన రోజున ఫొటో తీసి పెట్టుకుంటే ఏ అధికారి ముందైనా నిలిచే సాక్ష్యం. కప్పు ఎంత దిగిందో చూపే టెల్‌టేల్‌ను రోజూ చూసే మనకు ఇది తట్టలేదంటే నమ్మాలా? తట్టింది. కానీ పండగొస్తోంది, సున్నాలు వేయాలి. బీటల నిండా లప్పం పెట్టి రంగేశాం. మన సాక్ష్యాన్ని మనమే చెరిపేసి, మన మాట ఎవరూ నమ్మడం లేదని మళ్లీ ధర్నాకు కూర్చున్నాం.

కరెంటు సంగతి ఇంకా సిగ్గుచేటు. చిన్న నిప్పురవ్వ కూడా బయటికి రాకూడదని ఫ్లేమ్‌ప్రూఫ్‌ పెట్టెలు బిగించే ఎలక్ట్రీషియన్లు వీధికొకరుంటారు మనకు. వాళ్లింట్లో చూడండి: నల్ల బేకలైటు స్విచ్చులు పోయి మెరిసే మాడ్యులర్‌ స్విచ్చులు వచ్చాయి, వాటి వెనక మాత్రం అదే పాత అల్యూమినియం తీగ. క్వార్టర్లో కరెంటుకు లెక్క లేని రోజుల్లో మరిగిన హీటరు సొంతింటికీ వెంటే వచ్చింది. 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 5 ఆంపియర్ల సాకెట్టుకు తగిలిస్తాం. ఫీజు మాటిమాటికీ పోతోందంటే నాలుగు పోగులు మెలేసి కడతాం, ఇక పోదు. అప్పుడు కాలేది గోడలోని తీగ. స్విచ్చుల ముస్తాబుకు పెట్టిన డబ్బుల్లో కొంత తీసినా, కరెంటు లీకైతే ఆపేసే ఒక ఆర్‌సీసీబీ వచ్చేది, ఎర్తింగు గుంతా అయ్యేది. ఉప్పు, కట్టెబొగ్గు, ఒక పైపు, ఎప్పుడో ఓసారి బిందెడు నీళ్లు, అంతే దాని సంభారం. మనం తవ్వే బొగ్గు దానికి పనికిరాదనుకోండి, అయినా బొగ్గు ఊళ్లో బుట్టెడు కట్టెబొగ్గుకు కరువా?

ఎండాకాలం రామగుండం స్లాబు కింద ఎంత ఉడుకుతామో చెప్పక్కర్లేదు. మేడ మీద తెల్లగా రెండు పూతల సున్నం కొట్టించడం నామోషీ అనిపించి ఏసీ కొన్నాం, ఆ పాత తీగ మీదే.

ఇదంతా ఎందుకిట్లా అని మనల్ని మనం ప్రశ్నించుకుంటే వచ్చే జవాబు ఒకటే: ‘బాయిలో అయితే మైనింగ్ సర్దార్‌ చూస్తడు, రిపోర్టు రాస్తడు. ఇంట్ల అడిగేటోడెవడు?’ అంటే ఇన్నేళ్లూ మనం కప్పు తట్టింది చార్జిషీటు భయంతోనన్నమాట.

అడిగేవాళ్లు లేకపోలేదు. కూరగిన్నెలో పెచ్చు పడిందని, ఫ్రిజ్జు తలుపు ముట్టుకుంటే జివ్వుమంటోందని ఇంట్లో ఆడవాళ్లు చెబుతూనే వచ్చారు. చెప్పులేసుకుని ముట్టుకొమ్మన్నాం.