ఎవరికి ఐచ్ఛికం?

వడగాలులను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తిస్తూ, వడదెబ్బ మృతుల కుటుంబాలకిచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచుతూ తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయాన్ని తప్పుపట్టేవారు ఉండరు. వరద చంపినట్టే ఎండా చంపుతుందని సర్కారు ఒప్పుకొంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయిన పదేళ్లకైనా ఆ మాట అధికారికంగా వచ్చింది. కానీ మనిషి పోయాక ఎంత ఇవ్వాలో రూపాయలతో సహా తేల్చిన ప్రభుత్వం, మనిషి పోకుండా చూసే పని దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట చాటున దాక్కుంటోంది. ఆ మాట ‘ఐచ్ఛికం’. గత ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో విడుదల చేసిన కూల్ రూఫ్ విధానం ప్రకారం 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పు తప్పనిసరి. అంతకన్నా చిన్నవాటికి యజమాని ఇష్టం. వేడిని వెనక్కి కొట్టే కప్పు జూబ్లీహిల్స్ బంగళాకు చట్టమైంది. ఆ గుట్ట దిగితే కనిపించే ఫిల్మ్‌నగర్ బస్తీలోని రేకుల ఇంటికి మాత్రం ఐచ్ఛికంగా మిగిలింది.

చిన్నవాళ్ల నెత్తిన భారం పడకూడదనే ఈ మినహాయింపు అన్నది సమర్థకుల వాదన. ఇంతకన్నా నిజాయతీ లేని మాట ఈ విధానం చుట్టూ మరొకటి వినిపించదు. పేదవాడి జాగా ఎంతుంటుందో ఈ రాష్ట్ర ప్రభుత్వానికి తెలియనిది కాదు. సర్కారు స్థలాల్లో గూడు కట్టుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ చేస్తామంటూ 2014లో జీవో 58 తెచ్చినప్పుడు గీసిన గీత 125 గజాలు. పేదల మీద దయతోనే మినహాయింపు ఇచ్చి ఉంటే ఇక్కడా అదే గీత గీయాలి. మరి 125కూ 600కూ మధ్య ఉన్నదెవరు? 300, 400, 500 గజాల్లో అయిదంతస్తులు లేపి ఫ్లాట్లుగా అమ్ముకునే బిల్డర్లు. హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్లినా కనిపించే అపార్ట్‌మెంట్లలో ఎక్కువ భాగం వాళ్లు కట్టినవే. కోట్లలో అమ్ముడుపోయే కట్టడానికి కప్పు మీద తెల్లటి పూత వేయించడం భారమని నమ్మమంటారా? పేదవాడి పేరు చెప్పి బిల్డరుకు దారి వదిలారు. పేదవాడికి మిగిలింది తన పేరు మాత్రమే.

ఇక ఆ పేదవాడికి దక్కిందంటున్న ‘ఇష్టం’ ఏపాటిదో చూద్దాం. కృష్ణానగర్, ఇందిరానగర్, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఉండే లైట్‌మెన్, సెట్ బాయ్స్, జూనియర్ ఆర్టిస్టుల్లో చాలామంది అద్దెకుండేవాళ్లు. కప్పు ఒకరిది, ఉక్క మరొకరిది. పూత ఖర్చు పెట్టాల్సిన యజమానికి దానితో ఒరిగేదేమీ లేదు. చల్లదనం కావాల్సిన కిరాయిదారుకు కప్పు మీద హక్కు లేదు. పోనీ సొంత ఇల్లే అనుకుందాం. విధానాన్ని విడుదల చేసిన రోజున అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్ చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు దాదాపు 300 రూపాయలు. 60 గజాల ఇల్లంటే సుమారు 50 చదరపు మీటర్లు, అంటే 15 వేల రూపాయలు. ఏసీ వాడే ఇంట్లో ఆ సొమ్ము కరెంటు బిల్లులో తిరిగొస్తుంది. ఏసీయే లేని ఇంట్లో తిరిగి రావడానికి బిల్లేది? నెల సంపాదన మొత్తం కప్పు మీద పోసి పిల్లల్ని పస్తుంచడం ఎవరి ఇష్టం? పైగా తప్పనిసరి అన్నచోట కూడా అమలంతా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మీదే ఆధారపడింది. కొత్తగా కట్టి, అనుమతి తీసుకుని, సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లనే అది పట్టుకోగలదు. నోటరీ కాగితం మీద చేతులు మారిన రేకుల ఇంటికి ఆ కిటికీ దగ్గర వరుసలో చోటే లేదు. డబ్బు లేదు, హక్కు లేదు, కాగితం లేదు. మిగిలినదానికి ఐచ్ఛికమని పేరు పెట్టడం వెక్కిరింత.

బస్తీలో ఈ పూత పనిచేస్తుందో లేదో తెలియక ఆగామనడానికీ వీల్లేదు. 2017లో ఇదే నగరంలోని దేవరకొండ బస్తీలో 25 ఇళ్లపై ట్రిపుల్ ఐటీ, ఆస్కీ వంటి సంస్థలతో కలిసి జీహెచ్‌ఎంసీయే ప్రయోగం చేసింది. కప్పుకు తెల్లటి పొర వేసిన ఇళ్లలో, వేయని ఇళ్లకన్నా వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేగా అని చప్పరించేవాళ్లు ఏప్రిల్ మధ్యాహ్నం రేకు కింద నిలబడి చెయ్యి పైకెత్తి చూడాలి. రేకు తాకకముందే అరచేతికి సెగ తగులుతుంది. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి ఒంటిని చల్లార్చదు, ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. ఫ్యాన్ తప్ప మరో దిక్కులేని ఇంట్లో 41కీ 39కీ ఉన్న తేడా అదీ. తెలుపు ఎండను తిప్పికొడుతుందని ఫిల్మ్‌నగర్‌కు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అవుట్‌డోర్ షూటింగ్‌లో థర్మాకోల్ షీటు పట్టుకుని ఎండను హీరో మొహం మీదికి మళ్లించేది, మొహం మాడకుండా స్కిమ్మర్ అడ్డుపెట్టేది ఈ బస్తీల కుర్రాళ్లే. పొద్దంతా ఒకరి నెత్తిన నీడ పట్టి, రాత్రికి వాళ్లు చేరేది పగటి వేడంతా తాగి కూర్చున్న గదిలోకి.

అభ్యంతరాలు లేకపోలేదు. తెల్లపూత దుమ్ముకు రెండు మూడేళ్లలో మాసిపోతుందన్నది నిజమే. కానీ సున్నం ఏటా వేసుకునేదే. పండక్కి ఇంటికి వెల్ల వేయడం తెలుగువాళ్లకు కొత్త విద్యేం కాదు. కప్పు ఒక్కటే చాలదు, చెట్లూ గాలీ కావాలన్నదీ నిజమే. కానీ వేపమొక్క నీడనివ్వడానికి ఏళ్లు పడుతుంది, పూతకు ఒక్క పూట చాలు. వట్టివేళ్ల తడకలు, తడిబట్టలు, మట్టికుండ, మేడ మీద చల్లే నీళ్లు ఉండనే ఉన్నాయిగా అనేవాళ్లకు ఒకటే జవాబు. ట్యాంకర్ కోసం బిందెలతో వరుస కట్టే గల్లీలో రేకు మీద పోయడానికి నీళ్లెక్కడివి? అవగాహన కల్పిస్తే జనమే ముందుకొస్తారన్న వాదన అన్నిటికన్నా బోలుది. రేకు వేడెక్కుతుందని రేకు కింద బతికేవాళ్లకు చెప్పడాన్ని అవగాహన అంటారా? అహ్మదాబాద్ ఈ వాదనల దగ్గర ఆగలేదు. 2010 ఎండలు కొట్టిన దెబ్బకు కళ్లు తెరిచి 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. 2017లో పేదల బస్తీల్లో కప్పులకు తెల్ల సున్నం పూతలు మొదలుపెట్టింది. అక్కడ కార్పొరేషనూ స్వచ్ఛంద కార్యకర్తలూ నిచ్చెనలెక్కారు. ఇక్కడ ఫైలు ఎక్కింది.

2028-29 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పు, అందులో 200 హైదరాబాద్‌లోనే అన్నది ఈ విధానం పెట్టుకున్న లక్ష్యం. పాత జీహెచ్‌ఎంసీ మొత్తం విస్తీర్ణమే 650 చదరపు కిలోమీటర్లు. అందులో మూడో వంతుకు చేరువైన లక్ష్యాన్ని పెద్ద బంగళాలతో, ఆఫీసు భవనాలతో అందుకోవడం కల్ల. విధానం తెచ్చిన పార్టీ అమలు చేయలేదు, అమలు చేయాల్సిన పార్టీ సవరించలేదు. 2025 నవంబరు జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో బస్తీల్లో గల్లీ గల్లీ తిరిగిన ఆ రెండు పార్టీలకూ తలెత్తి ఆ కప్పుల వైపు చూసే తీరిక దొరకలేదు. చేయాల్సింది కష్టమైన పనేం కాదు. తప్పనిసరి గీతను 600 నుంచి 125 గజాలకు దించాలి. ఆ గీత కింద ఉన్న ప్రతి రేకుల ఇంటికీ, స్లాబు ఇంటికీ, పట్టా ఉందా, నోటరీయా, అద్దె ఇల్లా అని అడగకుండా పూత ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఆ పనిని బస్తీ మహిళా సంఘాలకు అప్పగించి, ఉగాదిలోపు ముగించాలి. ఒక్క వడదెబ్బ చావుకు ఇచ్చే 4 లక్షలతో 26 ఇళ్ల కప్పులు తెల్లబడతాయి. ఆ 4 లక్షలు చేతికి రావాలంటే ఇంట్లో ఒక శవం లేవాలి.