మచ్చ ముదిరాక మందెందుకు?

జామకాయ తొక్కపై బెరడులా గరుకుగా పరుచుకునే గోధుమరంగు పొర చూడటానికి తెగులులాగే ఉంటుంది గానీ, నల్లి ఆశించిన తోటలో ఆ పొర గాయపడిన కాయ తనకు తాను కట్టుకున్న కవచం. ఈ తేడా తెలియకపోతే మందు ఎంపికా, దానిని చల్లే అదనూ రెండూ తప్పుతాయి.

నల్లి కీటకం కాదు; ఎనిమిది కాళ్లతో సాలీడుకు దగ్గరి చుట్టమైన జీవి. జామను ఆశించే వాటిలో బ్రెవిపాల్పస్ ప్రజాతికి చెందిన చదును నల్లి ఒకటి. ఎర్రగా, బల్లపరుపుగా ఉండే ఇది మిల్లీమీటరులో మూడో వంతైనా ఉండదు, పైగా గూడు అల్లదు కనుక భూతద్దం లేనిదే దొరకదు. ఫీనిసిస్ అనే పేరుతో 1939లో నమోదైన జాతి నిజానికి పలు జాతుల కలగాపులగమని 2015లో తేలినందున, పాత పుస్తకాలలో జామకు రాసిన జాతి పేర్లను కొంత అనుమానంతో చదవడమే మేలు.

ఈ నల్లి సూదుల్లాంటి నోటి భాగాలతో బాహ్యచర్మాన్ని, అంటే కాయను పైన కప్పి ఉంచే పలుచని కణాల పొరను, గుచ్చి కణరసాన్ని పీలుస్తుంది. రసం పోయిన కణం ముడుచుకుపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో వేర్వేరు అరల్లో ఉండే ఫినాలులూ, వాటిని ఆక్సీకరించే ఎంజైమూ అరలు చిరిగి కలిసిపోవడంతో, కోసిన వంకాయ నల్లబడినట్టే ఆ భాగమూ గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు కింద బతికున్న కణాలు మళ్లీ విభజన చెంది, గోడలలో నీటిని చొరనివ్వని సూబరిన్ అనే మైనపు పదార్థాన్ని నింపుకొని, బెండు పొరగా మారతాయి. బెండు కణాలు చచ్చినవి కనుక సాగవు, లోపలి గుజ్జు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి తొక్క పగిలితే కాయలోని తేమ త్వరగా పోతుంది, శిలీంధ్రాలకు దారి దొరుకుతుంది. గుజ్జులో పంటికి తగిలే రాతికణాలు జామకు సహజమైనవే, ఆ నింద నల్లిపై వేయనక్కర్లేదు.

పిందె దశలో పడిన గాయం కాయతోపాటు వెడల్పవుతుంది, కాబట్టి మచ్చ స్పష్టంగా కనిపించేనాటికి నష్టం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. బత్తాయి రైతులకు మంగు నల్లి చిరపరిచితమే. అక్కడా తొక్క రంగు చెడి ధర పడిపోతుంది, అయితే బత్తాయి తొక్కను తినేవారు పారేస్తారు. జామను తొక్కతోనే కొరుకుతారు. అందువల్ల ముదిరిన మచ్చను చూసి చల్లే మందు పోయిన కణాన్ని తిరిగి తేలేదు సరికదా, తినేవారి నోటికి అవశేషాలను చేరుస్తుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లైతే నల్లిని తినే పరభక్షక నల్లులను చంపి, ఉన్న నల్లినే పెంచే ప్రమాదం ఉంది.

పిందె చివర రాలకుండా మిగిలే రక్షకపత్రాల మడతలు నల్లికి అనువైన చాటు. తనిఖీ అక్కడ మొదలుకావాలి; తైవాన్ జామ రైతులు కాయలకు కవరు తొడగకముందే అది పూర్తికావాలి, తొడిగాక లోపల చిక్కిన నల్లిని చూసేవారుండరు.