విడాకుల కేసు తేలేలోగా ఇల్లు నగదుగా మారిపోతే

బెంగళూరులో ఒక ఇల్లు. పెళ్లికి కొన్ని నెలల ముందు భర్త తన పేరిట కొన్నాడు. కొన్నేళ్ల తర్వాత, కొన్న ధరకే తన తండ్రికి రిజిస్టర్ చేశాడు. విడాకుల కేసు మొదలయ్యాక ఆ తండ్రి ఇంటిని తన భార్యకు గిఫ్ట్ డీడ్ రాసిచ్చాడు. దస్తావేజుల్లో యజమానులు ఇలా మారుతున్నా, ఇంట్లో ఉంటున్నది మాత్రం కోడలు, ఆమె కూతురు. చివరికి అత్తమామలు 2007 నాటి వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద అధికారుల దగ్గరికి వెళ్లి ఇల్లు తమదని, కోడల్ని ఖాళీ చేయించమని అడిగారు. అధికారులు సరేనన్నారు. కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. 2020 డిసెంబర్ 15న జస్టిస్ చంద్రచూడ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. గృహహింస చట్టం కింద ఆమె తన హక్కు తేల్చుకోవడానికి ఏడాది గడువిచ్చింది. అప్పటిదాకా ఆమెను బలవంతంగా వెళ్లగొట్టకూడదని, ఇంటిని ఇంకెవరికీ అమ్మకూడదని చెప్పింది.

మహిళల నివాస హక్కుకు ఇది పెద్ద తీర్పు అని అప్పట్లో రాశారు. నిజమే. కానీ ఆ ఇల్లు ఎన్ని చేతులు మారినా కుటుంబం దాటి పోలేదు కాబట్టే కోర్టు దాన్ని పట్టుకోగలిగింది. తండ్రికి కాకుండా, బ్రోకర్ తెచ్చిన మూడో మనిషికి అమ్మి ఉంటే? సగం చెక్కు, సగం నోట్ల కట్టలు తీసుకుని ఉంటే? విడాకుల బాట పట్టిన చాలా ఇళ్లలో అసలు భయం ఇదే. దీనికి మన చట్టంలో ఉన్న జవాబు చాలా బలహీనం.

ముందుగా ఒక అపోహ. ‘కోర్టులో కేసు నడుస్తుంటే ఇల్లెలా అమ్ముతాడు?’ అని చాలామంది ధీమాగా ఉంటారు. అమ్మవచ్చు. ఆస్తి బదిలీ చట్టంలోని 52వ సెక్షన్ వ్యాజ్యంలో ఉన్న ఆస్తి గురించి చెబుతుంది గానీ, ఆ వ్యాజ్యంలో ఆస్తి హక్కే నేరుగా ప్రశ్న కావాలి. విడాకులు మాత్రమే కోరుతూ వేసిన పిటిషన్‌లో తేలాల్సింది వివాహ బంధం, ఫ్లాట్ కాదు. ఒకవేళ ఆ సెక్షన్ వర్తించినా అమ్మకం చెల్లకుండా పోదు. కొన్నవాడు కోర్టు తీర్పుకు కట్టుబడాలి, అంతే. పైగా కొనేవాడు చూసేది ఈసీ. అందులో తాకట్లు, అమ్మకాలు కనిపిస్తాయి గానీ ఫ్యామిలీ కోర్టులో దంపతులు కొట్లాడుకుంటున్న సంగతి కనిపించదు.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. మన దగ్గర పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి ఇద్దరిదీ అని చెప్పే చట్టం లేదు. దస్తావేజులో పేరున్నవారిదే ఇల్లు. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కింద కోర్టు పంచగలిగేది పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన కానుకల వంటి వాటినే. 25వ సెక్షన్ కింద శాశ్వత భరణానికి హామీగా ఎదుటివారి స్థిరాస్తిపై భారం వేయవచ్చు. కానీ అది డిక్రీ వచ్చే రోజు మాట. ఆ రోజుకి స్థిరాస్తి మిగిలి ఉండాలి కదా.

ఇక 2005 గృహహింస చట్టం. 17వ సెక్షన్ భార్యకు, ఇల్లు ఎవరి పేరిట ఉన్నా, అందులో ఉండే హక్కిచ్చింది. చట్టం అమల్లోకి వచ్చిన 2006లోనే సుప్రీంకోర్టు, అత్తగారి పేరిట ఉన్న ఇల్లు దాని కిందకు రాదని చెప్పి ఈ హక్కును సగం చేసింది. 2020 అక్టోబర్ 15న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరికాదని తేల్చడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 19వ సెక్షన్ మరింత పనికొచ్చేది: ఇంటిని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా మేజిస్ట్రేట్ ఆపవచ్చు. కానీ ఆ నిషేధం అడిగితేనే వస్తుంది, దానంతట అది రాదు. సాధారణంగా మొదట భరణం పిటిషన్, వేధింపుల కేసు దాఖలవుతాయి. ఇంటి సంగతి గుర్తొచ్చేసరికి సేల్ డీడ్ అయిపోయి ఉంటుంది. అప్పుడు అదే సెక్షన్ కింద మిగిలేది ప్రత్యామ్నాయ వసతి, లేదా అద్దె. ఇంట్లో ఉండే హక్కు కాస్తా నెలనెలా అద్దె కోసం కోర్టు చుట్టూ తిరిగే హక్కుగా మారుతుంది.

నోట్ల కట్టల లెక్క

అమ్మకంలో నగదు పాత్ర గురించి చట్టపరమైన చర్చల్లో తక్కువ వినిపిస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇల్లు కొన్న ప్రతి ఒక్కరికీ మాత్రం తెలుసు. ప్రభుత్వ విలువ ఒకటి, బజారు ధర ఒకటి. ఒక లెక్క వేద్దాం. కోటి రూపాయలకు ఫ్లాటు అమ్మారు. దస్తావేజులో 60 లక్షలు, చేతికి 40 లక్షలు. బ్యాంకు లోన్ 35 లక్షలు తీర్చేశారు. కాగితం మీద మిగిలింది 25 లక్షలు. నిజంగా మిగిలింది 65 లక్షలు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల ప్రమాణపత్రం ఇవ్వాలని 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచి ఆదేశమే. అయితే ఆ పత్రంలోకి ఎక్కేది 25 లక్షలే. మిగతా 40 లక్షలు ఉన్నాయని భార్య ఎలా రుజువు చేయాలి? కొన్నవాడు వచ్చి సాక్ష్యం చెప్పడు. చెబితే ఆ డబ్బు తనకెక్కడిదో కూడా చెప్పాల్సి వస్తుంది.

స్థిరాస్తి లావాదేవీలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ నుంచి నిషేధించింది. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ఏ దావాలోనైనా 2 లక్షలు, అంతకు మించి నగదు చెల్లించినట్టు కనిపిస్తే కోర్టులు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని, రిజిస్ట్రేషన్ అధికారులూ అలాగే చేయాలని చెప్పింది. కానీ దస్తావేజులో రాయని నగదు ఈ వలలో పడదు. విడాకుల కేసుల్లో ఉపయోగపడేవి వేరే ఆనవాళ్లు. అదే అపార్ట్‌మెంట్‌లో అదే ఏడాది జరిగిన ఇతర రిజిస్ట్రేషన్లు ఒకటి. ఎదుటివారు గృహరుణం తీసుకున్నప్పుడు బ్యాంకు వేయించిన వాల్యుయేషన్ రిపోర్టు ఇంకొకటి. లోన్ కోసం ఎక్కువ విలువ చూపించి, విడాకుల కోర్టులో తక్కువ చూపించినవారిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కాగితం లేదు.

దినపత్రికల లోపలి పేజీల్లో ‘ఫలానా సర్వే నంబరులోని ఇంటిని ఎవరూ కొనవద్దు’ అని లాయర్ల పేరిట వచ్చే ప్రకటనలు చూసి నవ్వుకుంటాం. అవి అమ్మకాన్ని ఆపలేవు. పూర్తిగా వృథా కూడా కాదు. ఆస్తి ఆదాయంపై భరణం హక్కు ఉన్నప్పుడు, ఆ సంగతి తెలిసి కొన్నవాడిపైనా ఆ హక్కు నిలుస్తుందని ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. తెలియక డబ్బిచ్చి కొన్నవాడిపై నిలవదు. ‘నాకు తెలియదు’ అనే మాట కొన్నవాడి నోటి నుంచి రాకుండా చేయడమే ఆ ప్రకటన పని.

రెండో వైపు

ఇక్కడ భర్తలందరూ దొంగలని చెప్పడం లేదు. స్టాంపు డ్యూటీ కలిసొస్తుందని ఢిల్లీ, మహారాష్ట్ర వంటి చోట్ల ఇల్లు భార్య పేరిట కొనడం మామూలు. బేనామీ చట్టం కూడా, తెలిసిన ఆదాయంతో జీవిత భాగస్వామి పేరిట కొనడాన్ని మినహాయించింది. పదేళ్లు ఈఎంఐ కట్టిన భర్త, భార్య ఆ ఇంటిని అమ్మేస్తుంటే 19వ సెక్షన్ అడగలేడు, అది మహిళలకే. ఫ్యామిలీ కోర్టులో ఆస్తి దావా వేసి, డబ్బు తనదని రుజువు చేసుకుంటూ ఇంజంక్షన్ కోరాలి.

ఇద్దరి పేరిటా ఉంటే? ఒకరి సంతకం లేకుండా మొత్తం అమ్మలేరు కాబట్టి నయమనిపిస్తుంది. అయితే మొండికేస్తే ఇద్దరూ మునుగుతారు. బ్యాంకుకు విడాకులతో సంబంధం లేదు. ఈఎంఐ ఆగితే ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది. 1893 నాటి పార్టిషన్ చట్టం ఇప్పటికీ దీనికో దారి చూపుతుంది. ముక్కలు చేయలేని ఆస్తిని అమ్మి డబ్బు పంచమని సగం వాటాదారు కోరవచ్చు. అప్పుడు రెండోవారు కోర్టు కట్టిన విలువకు ఆ వాటా తామే కొనుక్కోవచ్చు. పిల్లల స్కూలు పక్కనే ఉన్న ఫ్లాటు వదులుకోలేని తల్లికి ఇది మంచి సాధనం, డబ్బు సమకూరితే. పరస్పర అంగీకారంతో అమ్ముకుంటే అన్నిటికన్నా మేలు. కొనేవాడు లోన్ తీర్చే డీడీ ఒకటి, ఇద్దరికీ వేర్వేరు డీడీలు ఇస్తే సరిపోతుంది. క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఎవరి వాటాకు వారిదని ఒప్పందంలో ముందే రాసుకోవాలి. అది మరచి ‘చెరిసగం’ అనుకుని తర్వాత మళ్లీ తగువు పడతారు.

ఎన్నారై తెలుగు కుటుంబాల్లో ఇంకో వింత. కాలిఫోర్నియాలో విడాకుల సమన్లతోపాటే ఆస్తులు అమ్మకూడదనే ఆదేశం ఇద్దరికీ దానంతటదే వర్తిస్తుంది. శాన్‌హోసేలోని ఇల్లు కదలదు. అదే సమయంలో కొండాపూర్‌లోని ఫ్లాటును జీపీఏ పట్టుకున్న తండ్రి అమ్మేయవచ్చు. ఇక్కడి సబ్‌రిజిస్ట్రార్‌కు ఆ ఆదేశం సంగతే తెలియదు.

మన దగ్గర ప్రయత్నం జరగకపోలేదు. వివాహ చట్టాల సవరణ బిల్లు, 2010ని రాజ్యసభ 2013 ఆగస్టులో ఆమోదించింది. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే నిబంధన అందులో ఉంది. 2014లో లోక్‌సభ రద్దుతో అదీ పోయింది. గృహిణి ఇంటిపనిని ఆస్తికి చేసిన చేర్పుగా గుర్తిస్తూ 2023 జూన్‌లో మద్రాస్ హైకోర్టు తీర్పిచ్చింది గానీ, ఒక హైకోర్టు తీర్పు దేశమంతటికీ చట్టం కాదు. గోవాలో మాత్రం పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ కింద పెళ్లయినవారు ఉమ్మడి స్థిరాస్తి అమ్మాలంటే దంపతులిద్దరి సంతకాలూ ఉండాలి. ఇంగ్లండ్‌లో దస్తావేజులో పేరులేని భార్య గానీ భర్త గానీ తన నివాస హక్కును ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేసుకోవచ్చు. కొనేవాడికి అది కనబడుతుంది.

ఉమ్మడి ఆస్తి చట్టం రావాలంటే దశాబ్దాల చర్చ కావాలేమో. నివాస గృహం వరకు నోటీసు ఏర్పాటుకు అంత అవసరం లేదు. వ్యాజ్యం ఉన్నట్టు నోటీసును రిజిస్టర్ చేసే పద్ధతి మహారాష్ట్ర, గుజరాత్‌లలో బొంబాయి ప్రావిన్స్ కాలపు సవరణతో ఎప్పటి నుంచో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో కోర్టు జప్తు చేసిన ఆస్తులను నిషేధిత జాబితాలో పెట్టే 22-ఎ సెక్షన్ ఉంది. ఫ్యామిలీ కోర్టులో కేసు నంబరు పడిన రోజే దంపతులు చివరగా కలిసి ఉన్న ఇంటి వివరాలు సబ్‌రిజిస్ట్రార్‌కు చేరి ఈసీలో ఒక వరుసగా కనబడేలా చేయవచ్చు. అమ్మకం తప్పనిసరైతే లోన్ పోను మిగిలిన సొమ్మును కోర్టులో జమ చేయించవచ్చు. సొంత ఆస్తిని ఏళ్ల తరబడి స్తంభింపజేస్తారా అని యజమానులు అడుగుతారు, అందులో న్యాయముంది. అందుకే నిషేధం కన్నా నోటీసు, డిపాజిట్ మేలు. అమ్మేవాడు ఇల్లు అమ్ముకోవచ్చు, కొనేవాడు అన్నీ తెలిసే కొంటాడు. దస్తావేజులో తక్కువ రాయించుకుందామన్న బేరం మాత్రం అక్కడ కుదరదు.