తడి గింజలు, మునిగిన కార్లు



మన ఇళ్లలో ఎవరైనా కారు కొంటే అందరూ అడిగే సవాల్ ఒకటే: "ఎంతకు పడింది?" జవాబు చెప్పేవాడి ఛాతీ ఉప్పొంగుతుంది. "నాలుగున్నర అన్నాడు భాయ్, గుంజి గుంజి మూడు తొంభైకి తెచ్చా." చుట్టూ కూర్చున్నవాళ్లు వాహ్ వా అంటారు. ఆ బండి 2024 సెప్టెంబర్‌లో ఎక్కడుంది, ఇవాళ ఆర్సీ మీద ఎవరి పేరుంది అని అడిగే మనిషి మాత్రం ఆ మజ్లిస్‌లో ఉండడు. ఉండి అడిగాడా, వాడికి షక్కీ అని పేరు పెడతాం. "అపనా ఆద్మీ దగ్గర కొన్నాం, అనుమానాలెందుకు?" అని నోరు మూయిస్తాం.

నేను ఆ షక్కీ మనిషి తరఫున రాస్తున్నాను. మంచి సౌదా అంటే గుంజి తగ్గించిన అరవై వేలు కాదు. బండి ఐబు ముందే చెప్పి, చెప్పింది కాగితం మీద పెట్టి, పేరు మార్చి ఇచ్చిందే మంచి సౌదా. ఈ మూడూ లేకపోతే సగం ధరకు వచ్చినా అది ధోకానే.

ముందు ఇది మనకెందుకంత ముఖ్యమో చెప్పుకుందాం. రిబాకు దూరంగా ఉండాలని నియ్యత్ ఉన్న ఖాందాన్లు బ్యాంకు లోను జోలికి పోవు. ఏళ్ల తరబడి బీసీలు కట్టి, గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బులు దాచి, చాలకపోతే ఇల్లాలి చేతి గాజులు అమ్మి, నగదు పట్టుకుని సెకండ్ హ్యాండ్ బండి కోసం బయలుదేరతారు. అంటే హరామ్ నుంచి తప్పుకోవాలనుకున్నవాడే ఈ పాత బండ్ల బజారుకు ఎక్కువగా వస్తున్నాడు. ఆ పైసా అల్లా భయంతో కూడబెట్టిన పైసా. దాన్ని తడి ఇంజిన్ అంటగట్టి గుంజుకోవడం ఎంత పెద్ద జుల్మో అమ్మేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

ఇక మన ఊరి సంగతి. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల వానకు బుడమేరుకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందు పెట్టిన ఆటోలు, బైకులు, కార్లు మునిగిపోయాయి. నీళ్లు తీశాక ఆ బండ్లు ఏమయ్యాయి? కొన్నింటిని యజమానులు బాగు చేయించుకుని ఇప్పటికీ నడుపుతున్నారు. కొన్నింటిని బీమా కంపెనీలు టోటల్ లాస్ కింద తేల్చాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే అలా తేలుస్తారు. ఆ తర్వాత ఆ బండి తుక్కు ధరకు ఎవరో ఒకరి చేతికి పోతుంది. తుక్కు ధరకు కొన్న ప్రతివాడూ దాన్ని తుక్కే చేస్తాడా? మన గుమ్మం ముందు జవహర్ ఆటోనగర్ ఉంది. ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం. అక్కడి మేస్త్రీల చేతిలో హునర్ ఉంది. చచ్చిన బండికి ప్రాణం పోస్తారు, అల్హమ్దులిల్లా. కానీ సీట్లు మార్చి, కార్పెట్ కొత్తది వేసి, పాలిష్ కొట్టి, సెంటు చల్లి, "సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి" అని అమ్మితే అదే హునర్ గునాహ్ అవుతుంది. బాగు చేయడం తప్పు కాదు. మునిగిందన్న మాట దాచడం తప్పు.

ఇక్కడ సహీహ్ ముస్లింలో ఉన్న ఒక వాఖియా గుర్తు చేయాలి. రసూలుల్లా (స) బజారులో నడుస్తూ ఒక గింజల గుట్ట దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడి తడిసిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. మరి ఆ తడిసినవి జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని తేల్చేశారు. బాగా గమనించండి. వాన ఆ వ్యాపారి తెచ్చింది కాదు. నష్టం నిజంగానే జరిగింది. తడిసిన గింజలు అమ్మొద్దని కూడా ప్రవక్త (స) అనలేదు. తడిని కింద దాచిపెట్టడం మీదే ఆయన కోపం. బుడమేరు వరదకూ మన కార్లకూ ఇంతకంటే సూటిగా సరిపోయే నసీహత్ ఎక్కడ దొరుకుతుంది?

దీనికి వచ్చే ఏతరాజ్‌లు నాకు తెలుసు. ఒక్కొక్కటీ చూద్దాం.

"మునిగిందని చెబితే ఎవడు కొంటాడు?" కొంటారు, తక్కువకు కొంటారు. ఆ తక్కువే దాని అసలు ధర. మీరు దాచి రాబట్టిన తేడా మీ రిజ్క్ కాదు, అవతలి ఇంటి పిల్లల స్కూలు ఫీజు. వరదలో మీరు మజ్లూమ్ అయ్యారు, నిజమే, గుండె తరుక్కుపోతుంది. కానీ మీ మీద పడిన నష్టాన్ని ఇంకో మజ్లూమ్ నెత్తిన దించుకునే ఇజాజత్ షరీఅత్ ఇవ్వలేదు.

"జైసా హై వైసా అని చెప్పే అమ్మాం కదా!" ఈ మాట అనేవాళ్లు కొందరు ఫిఖ్ కూడా చెబుతారు. అన్ని ఐబులకూ నాకు జిమ్మేదారీ లేదని షర్తు పెట్టి అమ్మితే, తర్వాత మాల్ తిప్పి ఇచ్చే హక్కు కొన్నవాడికి పోతుందని మన హనఫీ ఉలమా చెప్పిన మాట ఉంది. అయితే తిప్పి ఇచ్చే హక్కు వేరు, తెలిసీ దాచిన గునాహ్ వేరు. షర్తు పెట్టినంత మాత్రాన తెలిసిన తడి మీద సెంటు చల్లడం హలాల్ అయిపోదు.

మూడోది చెప్పడానికే సిగ్గు. "మనోళ్లకైతే చెబుతాం, బయటోళ్లకెందుకు?" కొనేవాడి ఈమాన్ చూసి మన ఈమాన్ మారుతుందా? పటమటలో మన పక్కింటి హిందువు, చర్చికి పోయే క్రిస్టియన్ భాయ్, వీళ్లంతా మన నమాజు చూడరు, మన సౌదా చూస్తారు. ఆటోనగర్ షెడ్డులో వినిపించే దావత్ అదే. ఒక్క మునిగిన బండి దాచి అమ్మితే వందమంది మీసాల్లేని గడ్డం చూసి దూరం జరుగుతారు.

అమ్మేవాళ్లనే అని ఊరుకుంటే ఇన్సాఫ్ కాదు. కొనేవాళ్లకూ అఖల్ ఉండాలి. చేయి పెట్టి చూడటం సున్నత్ అయినప్పుడు మీరు బానెట్ మీద మెరుపు చూసి ఎందుకు ఆగిపోతారు? సీటు బెల్టును చివరిదాకా లాగండి. అంచున బురద గీత ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తి సీటు పట్టాల దగ్గర తుప్పు వెతకండి. స్టెప్నీ గుంతలో ఒండ్రు ఉందేమో వేలుతో తుడవండి. హెడ్‌లైట్ల లోపల ఆవిరి, ఫ్యూజు పెట్టెలో పచ్చటి పొక్కులు కనబడితే అక్కడే ఆగిపోండి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు లోపల కూర్చోండి, ముక్కే చెబుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి నంబరు మీద చరిత్ర తీయమని యజమానినే అడగండి. 2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఏం పని జరిగిందో, మీటరు ఎప్పుడెప్పుడు ఎంత ఉందో అందులో తేలుతుంది. వెనక్కి తిప్పిన మీటరు అక్కడే పట్టుబడుతుంది. మీ సొంత మేస్త్రీని తీసుకెళ్లి వెయ్యో రెండు వేలో ఇవ్వండి. అమ్మేవాడు చూపించిన మేస్త్రీ మాట మీద కొనకండి.

ఇప్పుడు కాగితం. రసీదు, దస్తావేజు, దాఖలా, జమానతు, వకాల్తా, ఫైసలా, రాజీనామా. తెలుగువాళ్లు కోర్టుల్లో, కచేరీల్లో వాడే ఈ మాటలన్నీ మన జుబాన్ నుంచి వెళ్లినవే. కాగితం భాష ఊరందరికీ ఇచ్చి, మనం మాత్రం "జుబాన్ చాలు భాయ్" అంటూ బయానా చేతిలో పెట్టి తాళం చెవి తెచ్చుకుంటున్నాం. బఖరా సూరాలో 282వ ఆయత్ ఖుర్ఆన్‌లోనే అతి పొడవైన ఆయత్. అప్పు వాయిదా మీద ఉంటే రాసుకోమనీ, బేరం చేసుకుంటే సాక్షుల్ని పెట్టుకోమనీ దాని హుకుం. అక్కడికక్కడే చేతులు మారే తిజారత్‌కు రాయకపోయినా దోషం లేదని కూడా అదే ఆయత్ చెబుతుంది. దాన్ని పట్టుకుని తప్పించుకోకండి. సగం డబ్బు ఇవాళ, సగం పండగకు, పేరు ఎప్పుడో మారే బండి అక్కడికక్కడే తేలే బేరమా?

పేరు మారకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఒక బండి చేతి నుంచి చేతికి అమ్ముడుపోతూ వెళ్లింది. ఆర్సీలో మాత్రం మొదటివాడి పేరే మిగిలింది. 2009లో ఆ బండి గుద్ది ఒక పిల్లవాడు చనిపోయాడు. నష్టపరిహారం ఎవరివ్వాలి? ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాడే యజమాని అని కోర్టు చెప్పింది. "నేనెప్పుడో అమ్మేశాను" అన్న మాట నిలబడలేదు. అమ్మేవాళ్లారా, కొన్నవాడి కంటే ఈ కాగితం మీకే ఎక్కువ అవసరం. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తేదీతో సహా జరగాలి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి దలాల్ చేతికి ఇచ్చారంటే మీ మెడ అతని చేతికిచ్చినట్టే. రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు రవాణా శాఖకు తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. బీమా కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చుకోండి, లేకపోతే రేపు డొక్కు పడ్డప్పుడు మీ క్లెయిమ్‌ను ఎవరూ పట్టించుకోరు. బండి మీద పాత లోను ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా పైసా కదల్చకండి. లేదంటే రిబా నుంచి పారిపోయినవాడు ఇంకొకడి రిబాలో ఇరుక్కుంటాడు. షాపు పెట్టి పాత బండ్లు అమ్మేవాడికి 2023 ఏప్రిల్ నుంచి ఫారం 29బి మీద రవాణా శాఖ అనుమతి ఉండాలి. అది చూపించమనండి. చూపించలేనివాడి దగ్గర చాయ్ తాగి లేచి రండి.

ధర మాటా చెబుతాను, ఎందుకంటే తక్కువకు కొనడం తప్పు కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, సెస్సు పోయింది. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు బండ్లకు ఇది వర్తిస్తుంది. పన్ను కలపక ముందు ఐదు లక్షలున్న పెట్రోల్ బండి మీద పన్ను ఒక్కటే 55,000 తగ్గినట్టు. కొత్తదే దిగినప్పుడు పాతది పాత ధర దగ్గరే ఎందుకు నిలబడాలి? "నేను అప్పట్లో అంతకు కొన్నా" అనేవాడికి ఈ లెక్క చూపించండి. సొంత బండి అమ్ముకునే మామూలు మనిషికి జీఎస్టీ లేదు. డీలర్ అయితే అతనికి మిగిలే మార్జిన్ మీదే 18 శాతం. మొత్తం ధర మీద పన్ను వేసి అడిగితే అది పన్ను కాదు, దోపిడీ. డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. ఒక సౌదాలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం 2017 నుంచి చట్టానికి విరుద్ధం.

నా ముతాలిబా ఒక్కటే. ప్రతి బండితో పాటు ఒక పేజీ ఐబ్‌నామా రాయాలి. నీళ్లలో మునిగిందా, ఎక్కడిదాకా? యాక్సిడెంట్ అయిందా? ఇంజిన్ విప్పారా? మీటరు మార్చారా? బీమా క్లెయిములెన్ని, లోను ఉందా, చలాన్లు మిగిలాయా? అవును, కాదు అని ఎదురుగా రాసి, అమ్మేవాడు సంతకం చేసి, ఇద్దరు సాక్షులు చేయి పెట్టాలి. చెరొక నకలు. ఖర్చు రెండు రూపాయల జిరాక్స్. ఇంటి ఆడవాళ్లకు చదివి వినిపించాకే డబ్బు ఇవ్వాలి, ఎందుకంటే గాజులు వాళ్లవి. రేపు అబద్ధమని తేలితే పంచాయితీలోనైనా, వినియోగదారుల కమిషన్‌లోనైనా, పోలీస్ స్టేషన్‌లోనైనా చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

నిక్కచ్చిగా అమ్మేవాడికి ఈ కాగితం బరువు కాదు, ఇజ్జత్. సంతకం చేయడానికి చేయి వణికేవాడెవడో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. మస్జిద్ కమిటీల పెద్దలు జుమా రోజు నమాజు తర్వాత ఐదు నిమిషాలు ఈ మాట చెప్పాలి. ఆటోనగర్‌లో షెడ్లున్న మన భాయిలు ముందుగా తమ గోడ మీద ఐబ్‌నామా నమూనా అంటించాలి. ఆ కాగితం లేని బండిని, అమ్మేవాడు సొంత మామూ అయినా సరే, కొనకండి. నిజం చెప్పుకున్న ఇద్దరి సౌదాలోనే బరకత్ ఉంటుందని, దాచుకుంటే ఆ బరకత్ తుడిచిపెట్టుకుపోతుందని చెప్పినవారు మన రసూల్ (స). మైలేజీ సంగతి ఆ తర్వాత అడుగుదాం.