ముక్కలు కలిపితే మరో కథ

గత సంచికలో పాత ఫోటోలు, వీడియోలు పోగొట్టుకోకుండా ఎలా దాచుకోవాలో చెప్పుకున్నాం కదా! దాచినవాటితో ఏం చేసుకోవాలని కొందరు మిత్రులు అడిగారు. ఈసారి ఆ సంగతి చూద్దాం.

పోయిన ఏడాది మా అమ్మకు డెబ్బై అయిదు నిండాయి. రాజమండ్రిలో చిన్న వేడుక. ఆ రోజు చూపించడానికి ఒక వీడియో చేసి పంపాలనుకున్నాం. పద్దెనిమిదేళ్లుగా సెలవులకు వెళ్లినప్పుడల్లా తీసిన క్లిప్పులు, క్యామ్‌కార్డర్ టేపుల దగ్గర్నుంచి మొబైల్ దాకా, అన్నీ తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి అప్పగించాను.

రెండు రోజుల తర్వాత వాడు చూపించిన మొదటి నిమిషానికే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మేం తిరిగి బయల్దేరేటప్పుడు గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపే అమ్మ. పదకొండు సార్లు, ఒకదాని వెనుక ఒకటి! అదే గేటు, అదే చెయ్యి. జుట్టు మాత్రం తెల్లబడుతూ వచ్చింది. ఆరో క్లిప్పు దాకా పక్కన నాన్న ఉన్నారు. ఏడో దాంట్లో లేరు.

పిల్లలూ, దీన్నే మాంటేజ్ అంటారు. ముక్కలను ఒకచోట బిగించడం అని అర్థమిచ్చే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. మీరు బళ్లో అరబిక్ నేర్చుకుంటున్నారుగా, అరబిక్ టీవీ కార్యక్రమాల పేర్లలో చూడండి, ఎడిటింగ్ మొత్తాన్నీ 'మోంతాజ్' అనే రాస్తారు. మన సినిమావాళ్లకు మాత్రం మాంటేజ్ అంటే ఎక్కువకాలాన్ని కొద్ది నిమిషాల్లో చెప్పే షాట్ల వరుస. చిన్నప్పుడు పరుగు మొదలుపెట్టిన హీరో పాట పూర్తయ్యేలోగా పెద్దవాడైపోతాడే, అదన్నమాట!

ఇందులో కిటుకు మొదట పట్టుకున్నవాళ్లలో రష్యా దర్శకుడు కులెషోవ్ ఒకరు. 1920 ప్రాంతంలో ఆయన ఒక నటుడి ముఖాన్నే ఒకసారి సూప్ గిన్నె పక్కన, మరోసారి శవపేటిక పక్కన అతికించారట. చూసినవాళ్లకు మొదటిదాంట్లో ఆకలి, రెండోదాంట్లో దుఃఖం కనిపించాయని చెబుతారు. ముఖం అదే! 1925లో వచ్చిన 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్'లో ఐసెన్‌స్టీన్ మూడు రాతి సింహాలను వెంటవెంటనే చూపించారు. ఒకటి పడుకున్నది, ఒకటి తలెత్తినది, ఒకటి లేచినది. చూసేవాళ్లకు ఒకే సింహం ఉలిక్కిపడి లేచినట్టు ఉంటుంది. రాయి కదల్లేదు, మన మనసు కదిలింది.

మనవాళ్లలో ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్ పేరు గుర్తుపెట్టుకోండి. జాతీయ అవార్డు ఎన్నోసార్లు అందుకున్న ఆయనే 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'కు ఎడిటర్. 2018లో సౌదీలో సినిమా హాళ్లు మళ్లీ తెరిచేదాకా మనకు వీసీడీలు, డీవీడీలే దిక్కు. వాటిలో ఒక లాభముండేది, ఆపి వెనక్కి తిప్పి చూడొచ్చు. ఇప్పుడూ ఇంట్లో ఒక మాంటేజ్ పాటను సౌండు తీసేసి చూడండి. ఎన్ని షాట్లున్నాయో లెక్కపెట్టండి. ఎడిటర్ పనేమిటో తెలుస్తుంది.

సరే, మా ఇంటి కథకొద్దాం. "ఇది నానమ్మకు పంపొద్దురా" అన్నాను. "ఎందుకు నాన్నా, అబద్ధమా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. పదకొండు సెలవులు, ఒక్కోటి ముప్ఫై రోజులు. మొత్తం మూడువందల ముప్ఫై రోజులు. పద్దెనిమిదేళ్లలో అమ్మ దగ్గర ఒక్క ఏడాది కూడా లేం! లెక్కలతోనే బతికేవాణ్ని, ఈ లెక్క మాత్రం ఎప్పుడూ వేయలేదు.

చివరికి వాడే దారి చూపాడు. ప్రతి వీడ్కోలు వెనుకా ఆ తర్వాతి రాకను అతికించాడు. చెయ్యి ఊపిన గేటు దగ్గరే అమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీస్తూ కనిపించింది. పాత క్లిప్పుల్లో ఒక్క ఫ్రేమూ మారలేదు, పక్కన చేరినవి మారాయి. ఏడుపు కాస్తా ఎదురుచూపు అయ్యింది. రెండూ నిజమే. దేన్ని చూపించాలన్నది మాత్రం మన చేతిలో ఉంది.

అందుకే ఒక హెచ్చరిక కూడా. కుట్టడం తెలిసినవాడికి కత్తిరించడమూ తెలుసు. ఒకరి మాటను వేరే ప్రశ్న వెనుక అతికిస్తే వాళ్లు అననిది అన్నట్టవుతుంది. వాట్సాప్‌లో వీడియో రాగానే పదిమందికి పంపేముందు దీనికి ముందూ వెనుకా ఏముందో అని ఒక్క క్షణం ఆలోచించండి.

వీడియో చూశాక అమ్మ ఫోన్ చేసింది. బాగుందంది. "ఆఖర్న మీరు వెళ్లిపోయే ముక్క దగ్గర ఆపేశాడేమిట్రా వీడు?" అంది.

"దాని తర్వాతిది ఇంకా తీయలేదమ్మా" అన్నాను.

ఈ వేసవికి నలభై అయిదు రోజులు సెలవు పెట్టాను. కెమెరా మా అబ్బాయి చేతిలోనే ఉంటుంది.

వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాం.