కూడలిలో కాసింత నీడ



మన ఊళ్లలో పెద్ద కూడలి అనగానే గుర్తొచ్చేవి హారన్ల మోత, పొగ, దుమ్ము. మధ్యలో ఒక విగ్రహమో, నీళ్లు రాని ఫౌంటెనో ఉంటుంది. దాని చుట్టూ ఇనుప కంచె, లోపల నాలుగు పూలమొక్కలు. సుందరీకరణ పేరుతో అప్పుడప్పుడూ వాటికి రంగులు వేస్తారు. కారులో వెళ్లేవారి కంటికి అది ఇంపుగానే ఉంటుంది. కానీ బస్సు కోసం నిలబడిన గర్భిణికి, పూలమ్ముకునే అవ్వకు, ఎండలో డ్యూటీ చేసే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు ఆ పచ్చదనం చారెడు నీడ కూడా ఇవ్వదు. కూడలి మనుషులు వచ్చి కూర్చోగలిగే పచ్చని చోటు కావాలని మేము కోరుతున్నాము.

ఇది జరిగే పనేనా అని కొందరు అడగవచ్చు. పారిస్ నగరంలో జరిగింది. మోంపర్నాస్ రైల్వే స్టేషన్ దగ్గర ‘ప్లాస్ ద లా కాతలోన్య’ అనే పెద్ద కూడలి ఉంది. మధ్యలో ఫౌంటెన్, దాని చుట్టూ తిరిగే వాహనాలు తప్ప అక్కడ మనుషులకు చోటుండేది కాదు. అక్కడి నగరపాలక సంస్థ వాహనాల దారిని తగ్గించి, రోడ్డు తవ్వి, 470 చెట్లు నాటింది. 2024 జూన్‌లో ఆ చిట్టడవిని ప్రజలకు తెరిచారు. పారిస్ ఇలా ఆలోచించడానికి ఎండ దెబ్బ కూడా ఒక కారణం. 2003 ఆగస్టులో వచ్చిన వడగాడ్పులకు ఫ్రాన్స్‌లో దాదాపు 15,000 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు.

ఆ బాధ మనకూ కొత్తకాదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి 2,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తారు రోడ్డు, సిమెంటు పగలంతా వేడిని పీల్చుకొని రాత్రి వదులుతాయి. చెట్టు ఎండను అడ్డుకుంటుంది. ఆకుల నుండి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. వడదెబ్బ తగిలాక సెలైను పెట్టడం మా పని. తగలకుండా కాపాడగలిగేది నీడ, మంచినీళ్లు.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. చెట్లు నాటినంత మాత్రాన పొగ పోదు. బయటి గాలి కాలుష్యం వల్ల 2019లో ప్రపంచంలో 42 లక్షల మంది అకాల మరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాహనాలు తగ్గితేనే పొగ తగ్గుతుంది. అందుకే కూడలిలో కొంత భాగాన్నయినా వాహనాల నుండి తీసి నడిచేవారికి ఇవ్వాలి. చెట్ల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. త్వరగా పెరుగుతుందని చాలాచోట్ల నాటిన కోనోకార్పస్‌ను 2023లో గుజరాత్ ప్రభుత్వం నిషేధించింది. దాని పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులు వస్తాయన్న ఆందోళన అందుకు ఒక కారణం. మనకు వేప, కానుగ, రావి ఉండగా మరొకటి ఎందుకు?

ట్రాఫిక్ ఆగిపోతుందని, వ్యాపారం పోతుందని భయపడేవారి మాట కూడా వినాలి. అంబులెన్సు దారికి అడ్డు రాకూడదని ఆసుపత్రివారముగా అందరికంటే ముందు మేమే అంటాము. తోపుడుబండ్లవారిని, ఆటోవారిని వెళ్లగొట్టి కట్టే పార్కు మాకు వద్దు. వారికి చోటు చూపించిన తరువాతే పని మొదలుపెట్టాలి. ముందుగా ఒక్క కూడలిలో, ఆదివారాలలో వాహనాలు ఆపి చూడవచ్చు. ఫలితం చూశాక మిగతాది నిర్ణయించుకోవచ్చు.

ఏదెను తోటను సేద్యపరచుటకు, కాచుటకు దేవుడు మొదటి మనుష్యుని అందులో ఉంచెనని ఆదికాండము రెండవ అధ్యాయములో చదువుతాము. మన సంఘాలు వర్షాకాలంలో మొక్కలు నాటి ఫోటోలు దిగుతున్నాయి. వేసవిలో వాటికి నీళ్లు పోసేవారే కరువు. మీ ఊరి కూడలిలో కనీసం ఆరు చెట్లు, రెండు బెంచీలు, ఒక మంచినీటి కుళాయి కావాలని మీ సంఘం తరఫున మున్సిపల్ కమిషనర్‌గారికి అర్జీ పెట్టండి. ఆ చెట్లకు మూడు వేసవులు నీళ్లు పోస్తామని అదే అర్జీలో రాసివ్వండి. అప్పుడు మన అడుగుటలో బలముంటుంది.