నక్షాలో ఒక గది

ముంబయి కామాటిపుర చాల్‌లో తెలుగువాళ్ల మండలి గది అంటే ఎంతని? పదడుగులకు పది. గోడకు మార్కండేయుడి పటం, పక్కన పోయిన పెద్దల ఫొటోలు, మూలన డప్పులు, అటక మీద వంట గిన్నెలు, మంచం కింద ఇనుప పెట్టె. పెట్టె తెరిస్తే ఏటికొక వహీ (లెక్కల పుస్తకం), వహీకొక కార్యదర్శి దస్తూరి. గణపతి చందాతో మొదలై, బతుకమ్మ పూల ఖర్చు మీదుగా, జూన్‌లో పిల్లలకు పంచిన నోటు పుస్తకాల లెక్కతో ముగుస్తుంది. తర్వాతి వహీ మళ్లీ గణపతి చందాతోనే. వచ్చే ఏడాది సంగతి ఎక్కడా కనపడదు.

తప్పు పట్టడానికేం లేదు. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి బట్టల మిల్లుల సమ్మె మిల్లులతో పాటు ఎన్నో చందా పుస్తకాలనూ మూయించింది. నల్లగొండ, కరీంనగర్ నుంచి వచ్చిన సాలె కుటుంబాలు కొన్ని భివండీ మరమగ్గాలకు తరలాయి, కొన్ని ఊళ్లకు మళ్లాయి. ఆడవాళ్లు బీడీలు చుడితే పొయ్యి రాజుకున్న ఇళ్లలో పదేళ్ల ముందుచూపు మాట ఎవరెత్తుతారు? ఎవరైనా పోతే దహనం ఖర్చు, పిల్ల పెళ్లికి చేబదులు. మండలి అంటే అదే. అదేమీ చిన్న పని కాదు.

అయితే ఇప్పుడు కామాటిపురకు కొత్త నక్షా గీస్తున్నారు. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతుల మీదుగా గల్లీలన్నీ కలిపి కట్టే పథకం అది. కిరాయిదారుకు 500 చదరపు అడుగుల ఇల్లు అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి మెట్ల మీదా, కుళాయి దగ్గరా అదే ముచ్చట. మాకు ఎన్నో అంతస్తు అని అందరూ అడుగుతున్నారు. మండలి గది ఎన్నో అంతస్తులో అని అడిగినవాళ్లు మాత్రం మా చెవిన పడలేదు.

హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు పోటును ఆపాక తేలిన పల్లపు నేల ఈ కామాటిపుర. రాళ్లు మోయడానికి వచ్చిన తెలుగు కామాటీల పేరే దీనికి స్థిరపడింది. ఊరంతా ఇతరుల నక్షాల ప్రకారం కట్టిపెట్టినవాళ్లు తమ నక్షా వేళకు నోరు మెదపకపోవడం విచిత్రమే. వాళ్లకు ముందుచూపు లేదనీ అనలేం. 1873లో పుణేలో జోతిబా ఫూలే సత్యశోధక్ సమాజ్ పెడితే బొంబాయి నుంచి అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడి లింగు వంటి తెలుగువాళ్లు ఉన్నారు. తాము ఎన్నడూ చూడని పిల్లల చదువు కోసం జేబులో చెయ్యి పెట్టినవాళ్లు వాళ్లు.

ఏడాదికోసారి పెద్దలు మారడం సంఘాలకు అడ్డు అంటారు. రోటరీ క్లబ్బుల్లోనూ ప్రతి జులై 1న అధ్యక్షుడు మారతాడు. అయినా 1985లో పట్టుకున్న పోలియో పనిని వాళ్లు వదల్లేదు. 2014 మార్చిలో మన దేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చేసరికి దాదాపు ముప్ఫై మంది అధ్యక్షులు మారారు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ పాతవాడి పనినే తన పనిగా ఎత్తుకున్నాడు. మన దగ్గర కొత్త కార్యదర్శి రాగానే ముందు మారేది బ్యానర్ రంగు. (నవ్వులాటకే అంటున్నాం, కానీ పూర్తిగా నవ్వులాట కాదు.)

ఇన్ని మండళ్లున్నాయి. కులానికొకటి, ఊరికొకటి, కొన్నిచోట్ల అన్నదమ్ములు విడిపోతే చెరొకటి. అన్నీ ఒక్క పూట ఒకే చాప మీద కూర్చుంటే పెద్ద పత్రాలేం రాయనక్కర్లేదు. కొత్త కట్టడంలో అందరికీ కలిపి ఒక హాలు, అందులో ఓ మూల తెలుగు పుస్తకాల బీరువా. కార్పొరేషన్ తెలుగు బడులకు పిల్లలు తగ్గిపోతున్న చోట, నోటు పుస్తకాలతో పాటు సాయంత్రం అక్షరాలు దిద్దించేవాళ్లూ కావాలి. పెట్టెలోని వహీలకు తడి తగలని అర. ఇంకా, కార్లు నిలపని కాస్త నేల.

ఆ నేల ఎంత కావాలో మగవాళ్ల సభ తేల్చలేదు, ఆడవాళ్లను అడగాలి. ఈసారి సద్దుల బతుకమ్మ రోజు గల్లీలో వలయం తిరిగేటప్పుడు ఒకరు కొలత టేపు పట్టుకుని నిలబడితే సరిపోతుంది.